రుద్రజడని తులసి అనను

చోడవరం,
11 సెప్టెంబరు 1955

బదరూ,

నువ్వెలా ఉన్నావని అడిగి, నేను బాగున్నానని చెప్పి, ఆ తరవాత అసలు సంగతిలోకి దిగే ఓపిక ఇవాళ నాకు లేదు. నేను బాగాలేను. ఒంట్లో బాగానే ఉంది, కోపమే దిగడం లేదు. మీ తమ్ముడు గఫూరు నాకిచ్చిన అత్తరు కాసే డేగిసాని ప్రొహిబిషన్ వాళ్ళు పట్టుకుపోయారు. సారా కాస్తున్నానట! చోడవరం బాలికల పాఠశాలలో సైన్సు చెప్పే కనకమహాలక్ష్మి, నలభై ఆరేళ్ళ మనిషి, పెరట్లో సారా బట్టీ పెట్టిందట!

నవ్వుతున్నావు కదూ. నవ్వు. కాని మొదటినుంచీ రాస్తాను, నీకు తెలిసినదే అయినా చదువు. రేపు ఎవరైనా వచ్చి అడిగితే నువ్వూ ఇదే వరసలో చెప్పాలి.

మీ అమ్మ ఫాతిమున్నీసా గారు పోయిన ఏడాదికి అనకాపల్లి వచ్చాను, గుర్తుందా? కబరస్తాన్‌కి నన్ను వెంటబెట్టుకెళ్ళావు. ఆవిడ గోరీ మీద నువ్వు వేసిన మొక్క గుబురుగా పెరిగి కంకులు వేసి ఉంది. నువ్వు రైహాన్ అన్నావు. నేను ఆకు నలిపి వాసన చూసి, ఇది మా రుద్రజడ కదే అన్నాను. మా ఆడపిల్లలు మరువంతోపాటు మాలలో కలిపి కట్టి జడలో తురుముకుంటారే, అదే. అయితే చోడవరం పెరళ్ళలో దేనికీ ఆ ఘాటు లేదు. సోంపూ లవంగమూ కలిపి నూరినట్టు, ఇంటికొచ్చి చెయ్యి కడుక్కున్నా వదల్లేదు. ఎందుకిలా అని అడిగాను. నువ్వు "నీకే తెలియాలి, సైన్సు టీచరువి" అని, నాలుగు కంకులు దులిపి గింజలు నా కొంగున ముడివేశావు. ఆ ముడి విప్పినందుకే ఈ గొడవంతా.

పరిశోధన చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. చెప్పేదాకా ఆలోచించకూడదని మా సర్వీసు రూల్సులో ఎక్కడా లేదు. పత్రికల్లో నెలకొకడు రాస్తున్నాడు: తులసి జాతి సర్వరోగ నివారిణి, తేలు విషం దింపుతుంది, చలిజ్వరం పోగొడుతుంది, బుద్ధి పెంచుతుంది. రాసినవాడు ఏ మొక్క చూశాడో చెప్పడు, ఎవరికిచ్చాడో చెప్పడు, ఇచ్చాక ఏమయిందో అసలే చెప్పడు. తాతగారు చెప్పారంటాడు. తాతగారికి ఎవరు చెప్పారు? నాకు ఒళ్ళు మండింది. ఈ గింజలు మొలిపించి, ఊళ్ళో దొరికే తులసి, కుక్కతులసి, జడలో పెట్టుకునే రుద్రజడ కూడా పక్కపక్కనే వేసి, ఒక్కొక్క గుణమే పట్టుకుని చూడడం మొదలుపెట్టాను. చూసినవన్నీ మూడు వరసల్లో రాస్తున్నాను: అవును, కాదు, తెలియదు. తెలియదన్న వరసే అన్నిటికన్నా పొడుగ్గా ఉంది. దానికి నాకేం సిగ్గు లేదు. ఆ వరస లేని శాస్త్రం శాస్త్రం కాదు, పురాణం.

అవును వరసలో ఏమున్నాయో విను. ఆకులోకన్నా కంకిలో నూనె ఎక్కువ. ఎండెక్కాక కోస్తే వాసన తగ్గుతుంది. ఆకు నూరి కలిపిన చింతపండు పచ్చడికి బూజు ఆలస్యంగా పట్టింది, అసలు పట్టకపోలేదు. గింజలు నానబెట్టి తాగితే మలబద్ధకం తగ్గుతుంది, ఇందుకు మా మేనత్త దేముడమ్మే సాక్షి, ఆవిడ సాక్ష్యం వీధి వీధంతా విన్నారు. కాదు వరసలో తేలు విషం ఉంది. చలిజ్వరం కూడా. మా వీధిలో కషాయం తాగినవాళ్ళకీ తాగనివాళ్ళకీ జ్వరం ఒకలాగే వచ్చింది, ఒకలాగే పోయింది.

పచ్చడి సంగతి చెప్పాలి. ఆకు రోట్లో వేసేసరికి అత్త గుమ్మంలోంచి కేకేసింది.

"ఒసే కనకం, ఏటే అది? తులసమ్మ సెల్లెల్ని రోట్లో ఏసి దంసేస్తన్నావా? కళ్ళు పోతాయే!"

"చెల్లెలని నీకెవరు చెప్పేరత్తా?"

"వాసన సూస్తే తెలీదేటి?"

"చుట్టరికం లెక్కకొస్తే పుదీనా కూడా తులసికి చుట్టమే. పుదీనా పచ్చడి వేళ్ళు నాక్కుంటూ తింటావు కదా?"

"పుదీనాకి మనం దండవెడతావేటి?"

అది సైన్సు ప్రశ్న కాదు బదరూ. కాని మధ్యాహ్నం అన్నంలో కలుపుకుని "ఉప్పు సాల్లేదు" అంది. ఉప్పు చాల్లేదన్న మనిషి రెండో ముద్ద తిన్నట్టే. ఆ ధైర్యంతోనే మా హాస్టలు పిల్లలకి కూడా చేయించాను. గిన్నె కడగక్కర్లేకుండా తిన్నారు.

ఇక నిన్నటి సంగతి. రెండో శనివారం, బడి లేదు. ఆకూ కంకులూ డేగిసాలో నానేసి, మూతకి మైదాపిండి మెత్తి, వెదురు గొట్టం బిగించి, పొయ్యిలో పుల్లలు పేర్చుకున్నాను. ఇంకా అగ్గిపుల్ల గీయలేదు. తడక తోసుకుని ఎస్సై, వెనక కానిస్టేబులు దాసు. ఎవరో పెద్దమనిషి కబురందించాడట. పక్కన బెల్లం కుండలు రెండున్నాయి. ఆకు వేసిన బెల్లానికీ వెయ్యని బెల్లానికీ చెమ్మకి బూజు ఎలా పడుతుందో చూడడానికి పెట్టుకున్నాను.

"బూజు పట్టేదాకా బెల్లం దాచుకునేవాళ్ళు ఈ తాలూకాలో ఎవరున్నారు టీచరు గారూ, సారా ఊట పెట్టుకోడానికి తప్ప?" అన్నాడు ఎస్సై.

"గొట్టవూ ఉందండి, డేగిసా ఉందండి, బెల్లవూ ఉందండి" అని దాసు లెక్క చెప్పాడు, నన్నే పట్టిచ్చినట్టు కాక పెళ్ళివారి సామాను ఒప్పజెప్పినట్టు.

నేను వదల్లేదు. చట్టంలో మత్తుపదార్థమంటే అర్థం ఏమిటి అన్నాను. వారంటు ఏదన్నాను. ప్రయోగశాలకి మినహాయింపు ఉందన్నాను. ఇంట్లో పెరడు ప్రయోగశాల ఎలా అవుతుందన్నాడు. అయితే బళ్ళో ఒక్క పరీక్షనాళికయినా ఉందేమో చూసి రండి అన్నాను. ఎండ నడినెత్తికెక్కేదాకా వాదించాను. ఆయనకి చెమట పట్టింది గాని చెవికెక్కలేదు. చివరికి దాసు డేగిసా నెత్తికెత్తుకుని, తడక దాటుతూ కూతురు గుర్తొచ్చి వెనక్కి తిరిగి, "టీచరమ్మా, మా గుంట మీ కళాసేనండి. నానేటీ అన్నేదని దానికి సెప్పండి" అన్నాడు.

మీ నాన్నగారి కాలంనాటి డేగిసా అది. తెచ్చి ఇస్తాను. ఎలాగో ఇంకా తెలియదు, ఇస్తాను.

నీ
కనకం


చోడవరం,
25 సెప్టెంబరు 1955

బదరూ,

నీ దగ్గర్నించి ఉలుకూ పలుకూ లేదు. డేగిసా పోయిందని కోపమా? కోపమైతే తిట్టు. తిట్లకి నేను అలవాటుపడ్డదాన్నే, మౌనానికి కాదు.

మా బడి కమిటీ ప్రెసిడెంటు గణపతిరావు గారు కబురంపితే వెళ్ళాను. బెల్లం మండీ వసారాలో కుర్చీ వేయించి, మజ్జిగ తెప్పించి ఇచ్చారు. దుర్మార్గుడని రాస్తే నాకు సుఖంగా ఉండును. కాదు, మంచివాడు. ఈ దేశంలో అబద్ధాలన్నీ మంచివాళ్ళ చేతులమీదుగానే జరుగుతున్నాయి. చెడ్డవాడు అడిగితే మనం ఇవ్వం కదా.

"ఒక్క మాట టీచరమ్మా. ఆ ఆకు తులసని రాసియ్యండి. ఇత్తనం మన గుడి తోటదని రాసియ్యండి. తులసి తైలవంటే ఎస్సై కళ్ళకద్దుకుని డేగిసా ఇంటికంపిస్తాడు. బళ్ళో మీకో షెడ్డేయిస్తాను. తులసీవనం అని బోర్డెడదాం" అన్నారు.

షెడ్డు, బదరూ! ఇన్నేళ్ళు ఒక్క బల్ల కోసం అర్జీలు పెట్టి పెట్టి చెయ్యి పడిపోయింది నాకు. కిటికీలున్న గది, నీళ్ళ కుళాయి, గాజుసామాను పెట్టుకునే అలమారా కళ్ళముందు కనిపించాయి. నిజం రాస్తున్నాను, ఒక్క క్షణం ఆ అలమారాలో సీసాలు కూడా సర్దేశాను. ఆ క్షణానికి ఇప్పటికీ నామీద నాకు కోపంగా ఉంది.

"అది తులసి కాదండీ" అన్నాను.

"కాదని నాకూ తెలుసమ్మా. మా ఆడోళ్ళు జడల్లో ఎట్టుకుంటారు. అయితే ఏటి? ఒక్క మాటకి ఎవుడి పేణం పోద్ది?"

"వాల్తేరు సైన్సు సభలో నేను చదివే కాగితంలో కూడా తులసనే రాయాలి కదండీ. అది విన్నవాడు ఇంటికెళ్ళి తులసి కోసి, నేను చెప్పిన గుణాలన్నీ దానికున్నాయనుకుని మందు నూరుకుంటాడు."

"తులసి తింటే సచ్చిపోతారేటి?"

"చచ్చిపోరు. మోసపోతారు."

ఆయన నవ్వి, బేరంలో ఒక మెట్టు దిగారు. "పోనీ, రుద్రజడనే రాసుకోండి. ఆ గోరీల మాటొక్కటీ తీసీయండి. సైన్సుకి గోరీలెందుకు?"

ఎందుకో చెప్పాను. మన పెరటి రుద్రజడకీ ఈ రుద్రజడకీ నూనెలో తేడా ఉంది, వాసనలో తేడా ఉంది. అది మట్టి తేడానా, విత్తనం తేడానా నాకు ఇంకా తెలియదు. రేపు ఎవడైనా నేను రాసింది నిజమో కాదో చూడాలంటే ఆ మొక్క దగ్గరికే వెళ్ళాలి. నన్ను అబద్ధాలకోరని రుజువు చెయ్యాలన్నా వాడికి ఆ మొక్కే కావాలి. గుడి తోటని రాస్తే వాడు గుడికెళ్ళి, నాలుగు ఆకులు కోసి, పూజారితో తిట్లు తిని, "ఆ టీచరమ్మది బూటకం" అని పోతాడు. అప్పుడది నిజమే అవుతుంది, బూటకమే అవుతుంది. ఏ నేలలో దొరికిందో చెప్పని మొక్క, తల్లిదండ్రుల పేరు చెప్పని బిడ్డలాంటిది కాదండీ, బిడ్డకైనా బతుకుంటుంది, ఈ మొక్కకి అదీ ఉండదు, అన్నాను.

"మీకు తెలివి ఎక్కువమ్మా. ఊళ్ళో బతకడానికి అంత అక్కర్లేదు" అన్నారాయన. మజ్జిగ పూర్తిగా తాగే వచ్చాను. తినే వస్తువుమీద కోపం చూపించకూడదు.

అక్కణ్ణించి నేరుగా స్టేషనుకి వెళ్ళి వాంగ్మూలం రాసిచ్చాను: మొక్క పేరు రుద్రజడ. విత్తనం అనకాపల్లి కబరస్తాన్‌లో ఒక గోరీ మీది మొక్కది. తీస్తున్నది నూనె. ఎస్సై రెండుసార్లు చదివి, "గోరీ అని కొట్టెయ్యరాదూ?" అన్నాడు. కొట్టెయ్యనన్నాను.

సాయంత్రానికల్లా ఊరంతా తిరిగింది. టీచరమ్మ సాయిబుల గోరీల మీద మొక్కలు తెచ్చి హాస్టలు గుంటలకి పచ్చడి చేసి పెట్టిందట! ఒక తండ్రి వడ్డాది నుంచి బండి కట్టుకుని వచ్చి కూతురిచేత వాంతి చేయించబోయాడు. తిని నెల దాటింది నాయనా అంటే, "అయితే మాత్రం, శాస్త్రం ప్రకారం సేయించాలి కదండీ" అన్నాడు. శాస్త్రమంటే వీళ్ళకి ఏమిటో! గోరీల పక్కనుంచే వెళుతుంది మన చెరుకు బండి. ఆ నేల మీద వానే మన పొలం మీదా పడుతుంది. చచ్చిపోయినవాళ్ళు పడుకోని మట్టి ఈ భూమ్మీద ఎక్కడుందో చూపించమను, అక్కడే పండించుకు తింటాను.

కమిటీవాళ్ళు సంజాయిషీ అడిగారు. వచ్చే నెల పదిహేడున సమావేశం. తులసని దిద్ది, గోరీ మాట తీసి ఇస్తే సరి. లేకపోతే ఉద్యోగం ఆలోచించుకోమన్నారు. వాల్తేరు సభ ఆ తరవాత వచ్చే శనివారం. నేను ఆలోచించుకోను. ఆ కాగితం ఉన్నదున్నట్టే చదువుతాను. వాళ్ళనే ఆలోచించుకోమను.

ఒక్క ముక్క రాయవే.

నీ
కనకం


చోడవరం,
9 అక్టోబరు 1955

బదరున్నీసా,

ముక్క వచ్చింది. నువ్వు రాసింది కాదు, గఫూరు రాసిన కార్డు.

"అక్కా, మా అమ్మ గోరీ మాట పదిమందిలో వద్దు. దాని మీది మొక్క పచ్చడి నూరేరని ఇక్కడ మసీదు దగ్గర అందరూ అడుగుతన్నారు. నాను తలెత్తుకోలేకపోతన్నాను. డేగిసా పోతే పోనీండి. వాల్తేరులో ఆ కాగితం సదవకండి. ఇది ఇంటిల్లిపాదీ మాట."

ఇంటిల్లిపాదీ మాట! అంటే నీ మాట కూడా.

గణపతిరావు గారికి జవాబు చెప్పాను. ఎస్సైకి చెప్పాను. బండి కట్టుకొచ్చిన తండ్రికి చెప్పాను. బజారులో నన్ను చూసి ముక్కు మూసుకున్న ఆడవాళ్ళకి కూడా, ముక్కు మూసుకుంటే రుద్రజడ వాసన ఎలా తెలుస్తుందమ్మా అని చెప్పాను. వీళ్ళందరితోనూ పోట్లాడుతుంటే నాకు అలుపు రాలేదు. ఎందుకు రాలేదో నిన్న ఆ కార్డు చదివాక తెలిసింది. వెనక నువ్వున్నావనుకున్నాను. తిరిగి చూస్తే నువ్వూ ఎదటిపక్షంలోనే నిలబడి ఉన్నావు.

ఎందుకే? ట్రైనింగు హాస్టల్లో మనిద్దరం ఒక కంచంలో తిన్నప్పుడు మావాళ్ళు నన్ను వెలివేస్తామంటే నువ్వేమన్నావు? "వెలేస్తే మా ఇంటికి రా, మా వాళ్ళూ వెలేస్తే ఇద్దరం కలిసి ఎక్కడికైనా పోదాం" అన్నావు. ఆ బదరు ఏమయింది? వంటింట్లోకి తులసి చుట్టం రాకూడదని మావాళ్ళు, వంటింట్లోకి గోరీ మొక్క పోకూడదని మీవాళ్ళు. ఇద్దరికీ పడకపోయినా ఈ ఒక్క ఆకు దగ్గర ఎంత చక్కగా ఏకమయ్యారో! మొక్కకి మతం లేదని రాయబోయి ఆగిపోయాను. ఆ మాట అందరూ రాస్తారు, రాసి ఇంటికెళ్ళి మడి కట్టుకుంటారు.

కాని విను. ఆ గోరీ నీ తల్లిది. నా తల్లిది కాదు. ఊరందరి మీదా గెలవడానికి నీ తల్లి నేలని నేను బాణంలా వాడుకోలేను. నీకు ఇష్టం లేకపోతే ఆ మాట తీసేస్తాను. ఆ మాట తీసేస్తే కాగితం చెల్లదు గనక కాగితమే తీసేస్తాను. వాల్తేరు వెళ్ళను. పదిహేడో తారీకు కమిటీలో రాజీనామా ఇస్తాను, రాసి పెట్టుకున్నాను. తులసని మాత్రం రాయను. నోరు మూసుకోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. మొదటిది నీ కోసం చేస్తాను. రెండోది నీ కోసం కూడా చెయ్యను.

మిగిలిన గింజలు ఈ కవరులోనే పెట్టాను. నీవి నీకు. పెరట్లో మొక్కలు పీకేద్దామని వెళితే అత్త అడ్డం నిలబడింది. "మొక్కేటి సేసిందే నిన్ను? దాని మీద పడతావేటి? పప్పులోకి ఉంచు" అంది. కళ్ళు పోతాయన్న మనిషే! ఈ ఊళ్ళో ఒక్కరి బుద్ధి మార్చగలిగాను, అదీ ఓడిపోయిన రోజున.

కనకమహాలక్ష్మి


అనకాపల్లి,
13 అక్టోబరు 1955

కనకం,

నీ పూర్తి పేరుతో సంతకం పెట్టి నన్ను భయపెడదామనుకున్నావా? ఆ పేరు పెట్టుకున్నదానితో పాతికేళ్ళుగా వేగుతున్నాను. నాకు భయం లేదు.

పెద్దమ్మాయి పురిటికి నెలరోజుల కిందట విజయనగరం వెళ్ళాను. మనవరాలు పుట్టింది. తల్లీ పిల్లా కులాసా. నువ్వు అడగలేదు, అయినా చెబుతున్నాను. సోమవారం ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరాలు రెండు, విప్పి ఉన్నవి, గఫూరు గల్లాపెట్టెలో దొరికాయి. మూడోది మంగళవారం నా చేతికే వచ్చింది. ఇంటిల్లిపాదీ మాటట! ఇంటిల్లిపాదిలో ఎవరెవరున్నారురా అని నిలదీశాను. వాడూ, వాడి సిగ్గూ, అంతే ఉన్నారు. నన్నెవరూ అడగలేదు. వాడు అడగలేదు సరే, నువ్వడిగావా? నా తల్లి గోరీ సంగతి స్టేషన్లో రాసిచ్చేముందు నువ్వు నన్నడిగావా? కార్డు వచ్చాక, ఇది నీ మాటేనా అని అడిగావా? ఊరందరినీ ప్రశ్నలతో చంపుతావు. నా దగ్గరికొచ్చేసరికి అన్నీ నీకే తెలుసు.

తిట్టమన్నావు, తిట్టాను. ఇక విను.

నిన్న, బుధవారం, గఫూరుని వెంటబెట్టుకుని బస్సెక్కి చోడవరం వచ్చాను. అవును, మీ ఊరే. నీకు కబురు పెట్టలేదు. పెడితే వస్తావు, వస్తే వాదిస్తావు. నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే అనుకున్నాను. పొయ్యిలో పుల్లలున్నాయి, డేగిసాలో ఆకుంది, మూతకి మైదా మెత్తి ఉంది. ఎండ నెత్తికెక్కేదాకా చట్టం చెప్పావు గాని, తల్లీ, ఆ అగ్గిపుల్ల గీసి ఉంటే నీ వాదన అంతా అదే చెప్పి ఉండును కదే! ప్రయోగం చేసి చూడండి అని పిల్లలకి చెబుతావు, నువ్వు మాత్రం ఉపన్యాసం ఇచ్చావు.

నువ్వు బడికెళ్ళాక మీ పెరట్లోంచి ఆకూ కంకులూ దేముడమ్మత్తే బుట్టడు కోసిచ్చింది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. పాపం నిన్నంతా ఎలా ఊరుకుందో! స్టేషన్లో బురఖా ముసుగు ఎత్తి, "ఆ డేగిసా మాది. అత్తరు మా ఇంటి పని. ఇక్కడే కాస్తాను, సారా వస్తే నన్ను లోపలెయ్యండి" అన్నాను.

ఎస్సై, "స్టేషన్లో పొయ్యి పెట్టడమేమిటమ్మా" అన్నాడు.

దాసు, "పెట్టనీండి సార్. మనకీ తెలుస్తాది" అన్నాడు. వాడే మూడు రాళ్ళు తెచ్చి పెట్టాడు.

గఫూరు వద్దు వద్దంటూనే మంట సరిచేశాడు. మంట ఎక్కువైతే ఆకు మాడుతుందని వాడికి ప్రాణం ఒప్పలేదు. వాడి సిగ్గు పొయ్యి దగ్గరికి వెళ్ళేసరికి కరిగిపోయింది. గొట్టంలోంచి చుక్కలు పడ్డాయి. సీసాలో నీళ్ళు, పైన మీగడలా కాస్త నూనె. ఎస్సై వేలు ముంచి, నాలిక్కి రాసుకుని, ఇంకోసారి ముంచి, అప్పుడు రుమాలు తీసి దానికి రెండు చుక్కలు అద్దుకున్నాడు. కాసేపటికి స్టేషనంతా పెళ్ళిపందిరి వాసన. లాకప్‌లో ఉన్నవాడు "బాబూ, నాకో సుక్క" అని అరిచాడు. సారా కేసులోనే ఉన్నాడట పాపం.

అంతలో మీ ప్రెసిడెంటు గారు వచ్చారు. ఎవరో పరిగెత్తుకెళ్ళి చెప్పినట్టుంది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నారు.

"ఆ గోరీలో ఉన్నావిడ కూతుర్నండి" అన్నాను.

పెద్దమనిషి చెప్పులు విడిచి దగ్గరికొచ్చారు. తరవాత, మంచివాడే అన్నావు కదా, మెల్లిగా, "అయితే తల్లీ, ఆ టీచరమ్మ మీ అమ్మ గోరీ సంగతి అందరికీ సెప్పేస్తంటే మీకేం అబ్యంతరం లేదా?" అన్నారు.

"ఉందండి. ఒక గోరీ అని రాసింది. మా అమ్మకి పేరుంది."

డేగిసా నీ ఇంటికి పంపించారు, దాసు నెత్తిమీదే. ఈపాటికి చూసి ఉంటావు. కమిటీ సంగతి సోమవారం చూద్దామన్నారు ప్రెసిడెంటు గారు. అదేమవుతుందో నాకు తెలియదు. నీ భాషలో చెప్పాలంటే, మూడో వరస. కాని ఆ రాజీనామా చింపెయ్. వాళ్ళకి ఎందుకే ఆ సుఖం? తీసెయ్యదలుచుకుంటే వాళ్ళనే తీసెయ్యమను. కారణం కాగితం మీద రాసి కింద సంతకాలు పెట్టమను: రుద్రజడని తులసి అననందుకు. ఎంతమంది పెడతారో చూస్తాను.

వాల్తేరు కాగితంలో ఇలా దిద్దుకో: విత్తనం, అనకాపల్లి కబరస్తాన్‌లో ఫాతిమున్నీసా గోరీ మీది మొక్కది, ఇచ్చినది ఆమె కూతురు బదరున్నీసా. శనివారం ముందు వరసలో కూర్చుంటాను. గఫూరు కూడా వస్తానంటున్నాడు, నువ్వు మంట సంగతి తప్పు రాశావేమోనని వాడి అనుమానం.

ఇంకొకటి. ఈ ఆకు వంటలో వేసిన మొదటిదాన్ని నేనేనని నీకు లోపల గర్వంగా ఉంది, నాకు తెలుసు. ట్రైనింగు రోజుల్లో మొదటిసారి మా ఇంటికొచ్చి, అమ్మ వడ్డించిన పెసరపప్పు అడిగి అడిగి వేయించుకున్నావే. ఘుమఘుమలాడుతోందన్నావు. అందులో వేసిన ఆకేమిటని అడిగావా? అదే ఇది. అమ్మ పెరట్లో మొక్కది. అమ్మ పోయాక ఆ మొక్క గింజలే గోరీ మీద చల్లాను. గోరీ మీది ఆకు తెచ్చి వంటింట్లో పెట్టావని అందరూ ఏడుస్తున్నారు గాని, వంటింట్లోంచే అది గోరీ మీదకి వెళ్ళింది. ఆ పప్పుని నీ మూడు వరసల్లో ఎక్కడ వేసుకుంటావో నీ ఇష్టం. తెలియదన్న వరసలో మాత్రం వెయ్యకు, అమ్మ ఊరుకోదు.

నువ్వు తిప్పి పంపిన గింజల్లో సగం ఇక్కడ చల్లాను. సగం ఈ కవరులో ఉన్నాయి. రైహాన్ ఎవరైనా చేతికిస్తే వద్దనకూడదనేది అమ్మ. కొంగు పట్టు.

నీ
బదరు